బల్ల మీది దువ్వెన వెలుగు చిమ్ముతుందా?

డిసెంబరు రెండో వారం. ఇంటర్ సెకండియర్ పిల్లలకి బోర్ పరమాణు నమూనా చెబుతున్నాను. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌కి త్వరణం ఉంటుంది, త్వరణం ఉన్న ఆవేశం వికిరణం (వెలుగు లాంటి విద్యుదయస్కాంత తరంగాలు) వెలువరించాలి, అలా శక్తి పోగొట్టుకుంటూ సుమారు 10⁻¹¹ సెకన్లలో ఎలక్ట్రాన్ కేంద్రకంలో పడిపోవాలి, కానీ పడటం లేదు, కాబట్టి బోర్ ఏమన్నాడంటే... ఏటా చెప్పే పాఠమే. ఇన్నేళ్లలో ఈ వాక్యం దగ్గర నన్ను ఎవరూ ఆపలేదు. ఆ రోజు రెండో వరసలో కూర్చున్న అమ్మాయి ఆపింది.

అంతకు పది నిమిషాల ముందు, ఆవేశం అంటే ఏమిటో గుర్తు చేద్దామని ఆ అమ్మాయి చేతే దువ్వెనతో కాగితం ముక్కలు లేపించాను. మా కోస్తా గాలిలో ఈ ప్రయోగం ఏడాదిలో రెండు నెలలే సరిగ్గా జరుగుతుంది, మిగతా రోజుల్లో తేమ పడనివ్వదు. పైగా కొబ్బరినూనె పెట్టిన జుట్టు మీద ఎంత దువ్వినా లాభం ఉండదు. ఆమె ఆ రోజు తలస్నానం చేసి వచ్చింది. జడ చివర నాలుగుసార్లు దువ్వి దగ్గర పెట్టగానే ముక్కలు నిక్కబొడుచుకుని లేచాయి. రెండు ముక్కలు దువ్వెన పళ్లకి అంటుకుని, మరుక్షణం చిట్లినట్టు ఎగిరిపోయాయి. ఆ దువ్వెన ఇంకా బల్ల మీదే ఉంది.

"సార్, ఈ దువ్వెన బల్ల మీద ఉంటే వికిరణం రాదు. చేతిలోంచి వదిలేస్తే గురుత్వ త్వరణంతో పడుతుంది కాబట్టి వస్తుంది. అంతేనా?"

అంతే అన్నాను.

"మరి ఫస్టియర్‌లో లిఫ్టు గురించి చెప్పారు కదా సార్. తాడు తెగిన లిఫ్టులో ఉన్నవాడికి తనతో పాటు పడేవన్నీ కదలకుండా ఉన్నట్టే కనిపిస్తాయని. వాడి పక్కనే ఈ దువ్వెన కూడా పడుతోందనుకోండి. వాడికి అది కదలట్లేదు. వాడికి వికిరణం ఉందా, లేదా?"

"మనం భూమి మీద ఉన్నాం కాబట్టి భూమి ఫ్రేమ్‌లోనే చూడాలమ్మా. లిఫ్టులోవాడిది సరైన ఫ్రేమ్ కాదు" అన్నాను. బెల్లు కొట్టారు. ఆమె తల ఊపింది కానీ మొహంలో ఒప్పుకున్న జాడ లేదు.

బండి మీద ఇంటికి వెళ్తుంటే దారిలోనే తెలిసింది, నేను చెప్పింది సరిగ్గా తలకిందులని. ఐన్‌స్టీన్ ప్రకారం స్వేచ్ఛగా పడే లిఫ్టే జడత్వ చట్రం, అంటే తనకంటూ త్వరణం లేని ఫ్రేమ్. బల్ల మీది దువ్వెననే బల్ల ఎప్పుడూ పైకి నెడుతూ ఉంటుంది. అలా చూస్తే మన పుస్తకంలోని వాక్యం బల్ల మీది దువ్వెన వికిరణం వెలువరించాలనీ, పడే దువ్వెన వెలువరించకూడదనీ చెప్పాలి. నేను అన్నదానికి పూర్తిగా ఎదురు. ఓ పిల్ల సరైన ప్రశ్న అడిగితే తప్పు కారణం చెప్పి పంపించానన్న బాధతో ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత పది రోజులు చదివినదీ, కాగితాల మీద వేసుకున్న లెక్కలూ కలిపి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. "త్వరణం పొందే ఆవేశం వికిరణం వెలువరిస్తుంది" అనేది సగం వాక్యం. ఎవరు చూస్తే అన్నది కలిపితేనే అది పూర్తవుతుంది. ఆ రెండో సగాన్ని పదిహేడేళ్ల పిల్లలకి కూడా చెప్పాలి, చెప్పొచ్చు.

ముందు పేచీ లేని భాగం

కదలికని ఎక్కడ నిలబడి కొలుస్తున్నామో దాన్ని నిర్దేశ చట్రం అని పుస్తకం రాస్తుంది, క్లాసులో అందరం ఫ్రేమ్ అనే అంటాం. స్థిర వేగంతో కదిలే ఫ్రేములు ఎన్ని మారినా ఇక్కడ తగువు రాదు. లార్మర్ 1897లో ఇచ్చిన సూత్రం ప్రకారం వికిరణ సామర్థ్యం, అంటే సెకనుకి వెలువడే శక్తి, త్వరణం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ సామర్థ్యం విలువ అన్ని జడత్వ చట్రాల్లోనూ ఒక్కటే. మారేది రంగు, దిశ.

ఇండోర్‌లో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది. 172 మీటర్ల చుట్టుకొలత ఉన్న గొట్టంలో 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి. వంపు తిరిగే ప్రతిచోటా అవి వెలుగు చిమ్ముతాయి. ఒక్కో చుట్టుకి ఒక్కో ఎలక్ట్రాన్ ఆరు లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా పోగొట్టుకుంటుంది, దాన్ని మళ్లీ నింపుతూ ఉండాలి. ఇలాంటి యంత్రాల్లో ఉత్తర, దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతాల వరస ఒకటి పెడతారు, దాన్ని అన్‌డ్యులేటర్ అంటారు. ఒక జత అయస్కాంతాల పొడవు 5 సెంటీమీటర్లు అనుకుందాం. ఎలక్ట్రాన్ ఫ్రేమ్‌లోకి వెళ్లి చూస్తే ఆ పొడవు 4,900 రెట్లు కుంచించుకుపోయి మిల్లీమీటరులో వందో వంతు అవుతుంది. ఎలక్ట్రాన్‌కి అది ఎదురొచ్చే తరంగంలా ఉంటుంది, ఆ తరంగానికి తగ్గట్టు ఊగుతూ అదే పొడవున్న తరంగాలు చిమ్ముతుంది. మళ్లీ ప్రయోగశాల ఫ్రేమ్‌లోకి వచ్చేస్తే డాప్లర్ ప్రభావం వల్ల, ముందువైపు నిలబడి చూసేవాడికి ఆ తరంగం ఇంకో 9,800 రెట్లు కుదించుకుని ఒక నానోమీటరు దగ్గరికి వస్తుంది. 5 సెంటీమీటర్ల అయస్కాంతంతో ఎక్స్ కిరణాలు పుట్టాయి. రెండుసార్లు ఫ్రేమ్ మార్చడంతో లెక్క అయిపోయింది. నేను చూసిన లెక్కల్లో ఇంత అందమైనవి తక్కువ.

కాబట్టి అసలు చిక్కు ఫ్రేమ్ మార్చడంలో లేదు. ఫ్రేముకే త్వరణం ఉన్నప్పుడు మొదలవుతుంది.

యాభై ఏళ్లు దాటిన తగాదా

నేను తడబడిన చోట నాకన్నా ఎంతో పెద్దవాళ్లు తడబడ్డారని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. మాక్స్ బోర్న్ 1909లో ఎప్పటికీ ఒకే త్వరణంతో సాగే ఆవేశం చుట్టూ క్షేత్రం ఎలా ఉంటుందో లెక్క కట్టాడు. పౌలీ 1921లో ఆ లెక్క చూసి, ఇలాంటి ఆవేశం వికిరణం వెలువరించదు అని తేల్చేశాడు. అతని వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆవేశం ఒక క్షణం ఆగి వెనక్కి తిరిగే చోట చూస్తే, ఆ క్షణాన అన్నిచోట్లా అయస్కాంత క్షేత్రం సున్నా. అయస్కాంత క్షేత్రం లేకపోతే శక్తి ప్రవాహం లేదు. ప్రవాహం లేకపోతే వికిరణం ఎక్కడిది?

1955లో బోండి, గోల్డ్ కలిసి బోర్న్ పరిష్కారంలో హద్దు దగ్గరున్న లోపాన్ని సరిచేశారు. 1960లో ఫుల్టన్, రోర్లిక్ పౌలీ వాదనలో జారిన చోటు పట్టుకున్నారు. ఒకే క్షణంలో అన్నిచోట్లా చూడటం కాదు, ఒక క్షణంలో ఆవేశం నుంచి బయల్దేరిన క్షేత్రాన్ని కాంతి వేగంతో వెంటాడుతూ దూరం వెళ్లి చూడాలి. అలా చూస్తే లార్మర్ చెప్పినంత శక్తీ వెళ్తోంది. అంటే జడత్వ చట్రంలో ఉన్నవాడికి వికిరణం ఉంది.

మరి ఆ ఆవేశంతో పాటే అదే త్వరణంతో వెళ్లేవాడికి? వాడి ఫ్రేమ్‌లో క్షేత్రం కాలంతో మారదు. అయస్కాంత భాగం లేనేలేదు, ఉన్నది కదలని విద్యుత్ క్షేత్రం మాత్రమే. వాడెంత సున్నితమైన పరికరం పట్టుకున్నా వికిరణం దొరకదు. 1980లో బౌల్‌వేర్ ఈ రెండిటికీ పొత్తు కుదిర్చాడు. ఎప్పటికీ ఒకే త్వరణంతో వెళ్లేవాడికి వెనక ఒక సరిహద్దు ఉంటుంది, దాని అవతలి కబురు వాడికి ఎన్నటికీ చేరదు. జడత్వ చట్రంలోవాడు 'ఇదిగో వికిరణం' అని చూపించే శక్తి వెళ్లి చేరేది ఆ సరిహద్దు అవతలికే. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు వరండాలో తిరిగాను. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒకరికి కనిపించే చోటు ఇంకొకరికి లేదు.

ఇది మనకి పూర్తిగా కొత్త సంగతి కూడా కాదు. కదలని ఆవేశం చుట్టూ అయస్కాంత క్షేత్రం లేదు అని మనమే చెబుతాం. దాని పక్కనుంచి రైల్లో వెళ్లేవాడికి అదే ఆవేశం విద్యుత్ ప్రవాహం, వాడికి అయస్కాంత క్షేత్రం ఉంది. ఈ మాట పిల్లలు ఇబ్బంది పడకుండా ఒప్పుకుంటారు. వికిరణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదేదో ఆవేశం లోపలినుంచి ఊడిపడే వస్తువు అన్నట్టు చెబుతాం.

క్లిక్కు మనిషిని బట్టి మారుతుందా?

నా అభిప్రాయానికి గట్టి ఎదురువాదం ఇదే. చాలా రోజులు నన్ను వదల్లేదు. డిటెక్టర్ క్లిక్కుమంటే క్లిక్కుమన్నట్టే. టేపు మీద పడిన గుర్తు రైల్లోవాడికైనా లిఫ్టులోవాడికైనా ఒకటే. వికిరణం ఉండటం, లేకపోవడం చూసేవాడిని బట్టి మారితే, క్లిక్కు కూడా మారాలి కదా?

మారదు. మారేది ఆ క్లిక్కుకి మనం చెప్పుకునే కథ. బల్ల మీద దువ్వెన ఉంది, పక్కనుంచి ఒక డిటెక్టర్ కింద పడుతోంది, అది క్లిక్కుమంది అనుకుందాం. డిటెక్టర్‌తో పాటు పడేవాడు 'దువ్వెన పైకి దూసుకెళ్తూ మారే క్షేత్రాన్ని నా మీదకి పంపింది, అందుకే క్లిక్కుమంది' అంటాడు. బల్ల దగ్గరున్నవాడు 'క్షేత్రం ఎక్కడిదక్కడే ఉంది, డిటెక్టరే దానిలోంచి పడింది, ఆ శక్తి దాని కదలికలోంచి వచ్చింది' అంటాడు. గుర్తు పడిందన్న విషయంలో ఇద్దరికీ తేడా లేదు. అలాగే దువ్వెన పక్కనే బల్ల మీద పెట్టిన డిటెక్టర్ ఎవరు చూసినా ఊరికే ఉంటుంది.

క్వాంటం సిద్ధాంతంలోకి వెళ్తే ఇది ఇంకా లోతుగా ఉంది. శూన్యంలో త్వరణంతో వెళ్లేవాడికి ఆ శూన్యమే వెచ్చగా తోస్తుందని ఉన్రూ 1976లో చూపించాడు. మన గురుత్వ త్వరణానికి ఆ వేడి 4×10⁻²⁰ కెల్విన్. 1992లో హిగూచి, మాట్సాస్, సుదార్‌స్కీ చేసిన లెక్క ప్రకారం జడత్వ చట్రంలోవాడు 'ఫోటాన్ పుట్టింది' అనే ప్రతిచోటా, త్వరణంతో వెళ్లేవాడు 'సున్నా శక్తి ఉన్న ఫోటాన్‌ని ఆవేశం ఆ వెచ్చని శూన్యం నుంచి తీసుకుంది, లేదా దానికి ఇచ్చింది' అంటాడు. లెక్క పైసాతో సహా సరిపోతుంది.

శక్తి ఎక్కడినుంచి వస్తుందన్నది ఇంకో సందేహం. వికిరణం వల్ల ఆవేశానికి కలిగే నిరోధం త్వరణం మీద కాదు, త్వరణంలోని మార్పు మీద ఆధారపడుతుంది. స్థిర త్వరణానికి నిరోధం సున్నా. మరి వెళ్లిపోయే శక్తి ఎవరి జేబులోంచి? ఫైన్‌మన్ 1962-63లో కాల్‌టెక్‌లో గురుత్వాకర్షణ మీద చెప్పిన పాఠాల్లో, త్వరణం వర్గం ఉన్న సూత్రం మనల్ని దారి తప్పించిందనీ, అది ఊగుతూ తిరిగి మొదటికొచ్చే కదలికలకే చెల్లుతుందనీ అన్నాడు. నేను అంతవరకూ వెళ్లను. ఆవేశాన్ని అంటిపెట్టుకుని ఉండే క్షేత్రంలోనూ ఒక పద్దు ఉంది, షాట్ శక్తి అంటారు. త్వరణం సాగినంతసేపూ అందులోంచి అప్పు తీసుకుని, త్వరణం మొదలైనప్పుడూ ఆగినప్పుడూ జమ చేస్తారు. అయితే ఆ చివరి రెండు ఘట్టాలూ లేకుండా, అనాదిగా అనంతంగా ఒకే త్వరణంతో వెళ్లే ఆవేశం అనేది కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. ఫైన్‌మన్ అనుమానంలో ఆ భాగం నాకు నిజమే అనిపిస్తుంది.

లిఫ్టు ఎంత పెద్దది కావాలి

ఇప్పుడు అసలు దువ్వెన. భూమి గురుత్వ క్షేత్రం కాలంతో మారదు, భ్రమణాన్ని పక్కన పెడితే బల్ల మీది దువ్వెనా కదలదు. మారనివి రెండూ కలిసి మారే తరంగాన్ని పుట్టించలేవు. బల్ల మీది దువ్వెన శక్తి పోగొట్టుకోదు. నేను క్లాసులో చెప్పిన జవాబు సరే, చెప్పిన కారణమే తప్పు.

మరి పడే దువ్వెన? 1960లో డివిట్, బ్రెమీ, ఆ తర్వాత 1964లో డివిట్ దంపతులు దీన్ని గురుత్వం వల్ల వంగిన స్థలకాలంలో లెక్క కట్టారు. ఆవేశం క్షేత్రం దాని దగ్గరే ఆగదు, భూమి చుట్టూ ఉన్న వంపంతా తడుముతుంది, అక్కడ చెదిరి కొంత తిరిగి వస్తుంది. నెమ్మదిగా కదిలే ఆవేశానికి, బలహీనమైన గురుత్వంలో, చివరికి లార్మర్ చెప్పిన లెక్కే వస్తుంది. భూమికి దూరంగా నిలబడి చూసేవాడికి పడే దువ్వెన వికిరణం వెలువరిస్తుంది.

అంటే స్వేచ్ఛగా పడే లిఫ్టు జడత్వ చట్రమే అన్న ఐన్‌స్టీన్ తుల్యతా సూత్రం తప్పా? కాదు. ఆ సూత్రం చిన్న లిఫ్టుకి. ఆవేశం దగ్గర ఉన్న మామూలు క్షేత్రాన్ని వికిరణం దాటి పైచేయి కావాలంటే ఎంత దూరం వెళ్లాలో చూడండి. కాంతి వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగించాలి. 9.2 లక్షల కోట్ల కిలోమీటర్లు వస్తుంది, కాంతి సంవత్సరానికి కాస్త తక్కువ. లిఫ్టులోవాడు 'ఇది వికిరణమా కాదా' అని తేల్చాలంటే అంత పొడవు లిఫ్టు కావాలి. భూమి వ్యాసార్ధం 6,400 కిలోమీటర్లు. భూమి గురుత్వం ఆ లిఫ్టు అంతటా ఒకేలా ఉండటం మాట అటుంచి, దానిలో 140 కోట్లో వంతు దూరానికే దాని దిశా, బలమూ మారిపోతాయి. నాకు ఈ ఒక్క అంకె దగ్గర అన్ని ముడులూ విడిపోయాయి. వికిరణం అనేది ఆవేశం దగ్గర వంగి చూసి తేల్చే సంగతి కాదు. దూరం వెళ్లి, ఏ ఫ్రేమ్‌లో నిలబడ్డామో చెప్పి, అప్పుడు తేల్చేది.

స్టాఫ్‌రూమ్‌లో

కెమిస్ట్రీ చెప్పే పెద్దాయనకి ఇదంతా చెబితే ఓపిగ్గా విన్నారు. "మాస్టారూ, మీ దువ్వెన పడితే వచ్చే వికిరణం ఎంత?" అని అడిగారు. దువ్వెన మీద 10 నానోకూలుంబులు ఉన్నాయనుకుంటే 2×10⁻³⁰ వాట్లు. విశ్వం పుట్టిన నాటినుంచీ 1,380 కోట్ల ఏళ్లు ఆపకుండా చిమ్మినా వచ్చే మొత్తం శక్తి, ఎగిరే దోమ గతిశక్తిలో లక్షో వంతు కూడా కాదు. "ఎవరూ కొలవలేరు, పరీక్షలో రాదు. పిల్లల బుర్ర దీనితో ఎందుకు నింపడం? అసలే వాళ్లకి ఎంసెట్ టెన్షన్" అన్నారు.

ఆయన మాటలో న్యాయం లేదనను. ఆ పిల్లలు పొద్దున ఆరింటినుంచి రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుంటారు. వాళ్ల నెత్తిన ఇంకో చాప్టర్ పెట్టమని నేను అడగడం లేదు. బోర్ నమూనా దగ్గర ఒక్క వాక్యం సరిచేయమంటున్నాను: "జడత్వ చట్రంలో నిలబడి దూరం నుంచి చూసేవాడికి, త్వరణం పొందే ఆవేశం వికిరణం వెలువరిస్తుంది." పరమాణువు విషయంలో ఈ షరతు ఇబ్బందే పెట్టదు, ఎందుకంటే కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్ త్వరణం అపారం, మనం ఉన్న దూరం చాలినంత. పాఠం ఏమీ మారదు. కానీ లిఫ్టు పాఠం గుర్తున్న పిల్ల చెయ్యెత్తినప్పుడు ఆమె చెయ్యి దించేయాల్సిన అవసరం ఉండదు. కొలవలేనిది కాబట్టి వద్దు అనే మాట నాకు సమ్మతం కాదు. ఐన్‌స్టీన్ 1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో కూర్చుని పైనుంచి పడేవాడికి తన బరువు తెలియదు కదా అనుకున్నప్పుడు అతని చేతిలోనూ కొలిచే పరికరం లేదు.

మళ్లీ క్లాసులో

జనవరిలో, సెలవులు అయ్యాక, క్లాసు మొదట్లోనే ఆ రోజు నేను చెప్పిన కారణం తప్పని అందరి ముందూ చెప్పాను. బోర్డు మీద బల్ల, లిఫ్టు, కాంతి సంవత్సరం పొడవు గీత గీసి, ఎవరికి ఏం కనిపిస్తుందో చెప్పాను. పావుగంట పట్టింది. వెనక బెంచీల్లో ఇద్దరు నిద్రపోయారు, మిగతావాళ్లు విన్నారు.

ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. "బల్ల మీది దువ్వెన కదలదన్నారు. భూమి తిరుగుతోంది కదా సార్. దూరంగా ఉన్నవాడికి దువ్వెన రోజుకోసారి చుట్టు తిరుగుతోంది."

నిజమే. భ్రమణాన్ని పక్కన పెట్టింది నేనే. మా అక్షాంశం దగ్గర ఆ త్వరణం 0.0325 మీటర్లు సెకను వర్గానికి. పడే దువ్వెనతో పోలిస్తే వికిరణం లక్షో వంతు. ఆ తరంగానికి ఒక్కో ఊపుకి ఒక రోజు పడుతుంది కాబట్టి తరంగదైర్ఘ్యం సుమారు 2,600 కోట్ల కిలోమీటర్లు, సూర్యుడినుంచి నెప్ట్యూన్‌కి ఉన్న దూరానికి ఐదు రెట్ల పైన. ఈ లెక్క ఆమే బోర్డు దగ్గరికి వచ్చి పూర్తి చేసింది.

చాక్‌పీసు కింద పెట్టబోతూ ఆగింది. "కానీ సార్, దువ్వెనకి ఆవేశం వచ్చింది నా జుట్టులోంచే. నా జుట్టుకి అంతే ఎదురు ఆవేశం ఉంటుంది. అదీ భూమితో పాటే తిరుగుతోంది."

అప్పుడు రెండూ దాదాపు కొట్టుకుపోతాయి, మిగిలేది ఆ రెండిటి మధ్య ఎడం వల్ల వచ్చేదే అన్నాను. లెక్కలో భూమి వ్యాసార్ధం ఉన్నచోట దాన్ని తీసేసి, ఆ ఎడం వేసుకోవాలి. ఆమె జడ ముందుకి వేసుకుని, బల్ల మీది దువ్వెన వైపు చూసి, స్కేలు కోసం బ్యాగు తెరిచింది.